పదికి ఆగాలి

మొన్న దసరా సెలవులకు మా అబ్బాయి వాళ్లు హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చారు. అమ్మవారి దర్శనం అయ్యాక మనవడిని ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకెళ్లాను. వాడికి తొమ్మిదేళ్లు. రెయిలింగ్ పట్టుకుని కిందికి వంగి చూసి, "తాతయ్యా, ఇంత పెద్ద గేట్లు ఎవరు ఎత్తుతారు?" అని అడిగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. మొత్తం 70 గేట్లు. గేటు బరువుకు సమానంగా అవతల ఇంకో బరువు వేలాడుతుంది, దాన్ని కౌంటర్ వెయిట్ అంటారు, అది ఉండబట్టే అంత ఇనుము సులువుగా లేస్తుంది. బావి గిలక గుర్తుంటే అర్థమైపోతుంది అన్నాను. వాడు బావి చూడలేదు, గిలకా చూడలేదు. సరే అని జేబులో రుమాలు తీసి, రెయిలింగ్ మీద వేసి, ఒక కొనకు ఇంటి తాళాలు, ఇంకో కొనకు వాడి నీళ్ల సీసా కట్టి చూపించాను. కాసేపటికి తల తిప్పి చూస్తే మా చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి వింటున్నారు. అప్పటిదాకా సెల్ఫీలు దిగుతున్నవాళ్లే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకాయన, "ఇవన్నీ చూపించి చెప్పేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరాండీ?" అని అడిగారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మాటే చెవిలో తిరిగింది. ఎందుకంటే నాకు చెప్పినవాడు ఒకాయన ఉన్నాడు. మా తాతయ్య.

మా తాతయ్య లాకు లస్కరు, అంటే లాకు తలుపులు తీసి వేసే మనిషి. కొమ్మమూరు కాలువ మీద, దుగ్గిరాలకు దిగువన ఉన్న ఒక చిన్న లాకులో పాతికేళ్ల పైన పనిచేశాడు. ఈ కాలం పిల్లలకు లాకు అంటే తాళం. మాకు లాకు అంటే కాలువలో పడవను మెట్టు ఎక్కించి, మెట్టు దించే చోటు. కృష్ణ నీళ్లు సీతానగరం దగ్గర కాలువలోకి దిగి, దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలతాయి. అందులో ఒకటి కొమ్మమూరు కాలువ. గుంటూరు ఊరు తాగే నీళ్లు సంగం జాగర్లమూడి దగ్గర తోడుకునేది ఈ కాలువ నుంచే. అది పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. అంటే బెజవాడలో పడవ ఎక్కినవాడు సముద్రం మొహం చూడకుండా, ఉప్పుగాలి పక్కన పెట్టుకుని, అప్పట్లో మద్రాసులో దిగగలిగేవాడు. అటు ఏలూరు కాలువ పట్టుకుంటే గోదావరి కాలువల్లోకి, అక్కడి నుంచి కాకినాడకు. మా నాయనమ్మ దీన్ని చాలా మామూలుగా చెప్పేది, పక్కవీధికి దారి చెప్పినట్టు.

వేసవి సెలవుల్లో కాలువ కట్టేస్తారు కాబట్టి నేను ఎక్కువగా సంక్రాంతికి, దసరాకి పోయేవాణ్ణి. 1970, 71, 72, ఆ సంవత్సరాలు. అప్పటికే పడవలు తగ్గిపోయాయని పెద్దవాళ్లు అనేవారు. నాకైతే రోజుకు రెండో మూడో వచ్చినా పండగే. చినగంజాం వైపు నుంచి ఉప్పు, సరుగుడు కట్టెలు వచ్చేవి. ఇటు నుంచి ధాన్యం, ఇటుక, పసుపు బస్తాలు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. గడకూ అందకపోతే ఇద్దరు మనుషులు ఒడ్డు దిగి, నడుముకు తాడు కట్టుకుని, గట్టు వెంబడి పడవను లాక్కుంటూ నడిచేవాళ్లు. లాకు దగ్గరికి రాగానే పడవ నడిపే సరంగు గొంతెత్తి, "లస్కరు మావా, తలుపులో!" అని కేకేసేవాడు. అన్నం కంచం ముందు కూర్చున్నా తాతయ్య లేచేవాడు.

ఆ లాకు ఎలా ఉండేదో కాస్త వివరంగా చెప్పాలి. కాలువకు అడ్డంగా రెండు జతల టేకు తలుపులు, తారు పూసి నల్లగా. రెండు జతల మధ్య రాతి గోడల తొట్టి, ఒక పడవ కుదురుగా పట్టేంత. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఆరేడు అడుగుల తేడా. తలుపులు మూసినప్పుడు తిన్నగా ఉండవు. నమస్కారం పెట్టబోయే చేతుల్లా కోణంగా ఎగువకు తిరిగి ఉంటాయి. నీళ్లు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. గడియ లేదు, తాళం లేదు. వాటిని మూసి ఉంచేది నీళ్లే. తలుపు అడుగున చిన్న షట్టరు, దాన్ని ఎత్తడానికి పైన పళ్ల కడ్డీ, హ్యాండిలు. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనక తలుపులు వేసేస్తారు. ముందు తలుపుల షట్టరు ఎత్తితే ఎగువ నీళ్లు తొట్టిలోకి దూకుతాయి. పడవ ఉయ్యాల్లో బిడ్డలా మెల్లగా పైకి లేస్తుంది. రెండు పక్కలా నీళ్లు సమానమయ్యేదాకా ఏనుగొచ్చి తోసినా తలుపు కదలదు. సమానమైన క్షణం నుంచి, తలుపు మీది పొడవాటి దూలానికి నడుము ఆనించి నాలుగడుగులు వేస్తే చాలు, తెరుచుకుంటుంది. ఇంజను లేదు, కరెంటు లేదు. రెండు వందల బస్తాల పడవను ఒక ముసలాయన ఆరడుగుల ఎత్తుకు లేపేవాడు.

అందులో ఒక లెక్క ఉంది. షట్టరు హ్యాండిలు పది చుట్లు తిప్పి ఆగాలి. ఆగి, పడవ వైపు చూడాలి. తొట్టిలో నీళ్ల సుడి తగ్గి, పడవ ఊగడం ఆగాక మిగతా చుట్లు తిప్పాలి. తాతయ్య పైకే లెక్కపెట్టేవాడు. పది అనగానే చెయ్యి తీసి, పైగుడ్డతో మొహం తుడుచుకునేవాడు. అలిసిపోయి ఆగుతున్నాడని నేను చాలా రోజులు అనుకున్నాను.

నాకు పదేళ్లప్పుడు ఒక సంక్రాంతికి, నేను తిప్పుతానని మారాం చేస్తే ఒప్పుకున్నాడు. పది అయింది. ఆగమన్నాడు. నేను ఆగలేదు. ఎంత బలంగా తిప్పగలనో చూపించాలని ఇంకో ఏడెనిమిది చుట్లు ఒక్క ఊపున తిప్పేశాను. నీళ్లు తలుపు కింద నుంచి తెల్లగా పొంగాయి. పడవ ముందుకు ఎగిరి, వెనక్కి జారి, పక్క రాతిగోడకు కొట్టుకుంది. పడవ వెనక పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం కుండ దొర్లి కాలువలో పడిపోయింది. పొద్దుటి నుంచి తాడు లాగి వచ్చిన మనుషులు వాళ్లు. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. తాతయ్య షట్టరు దించి, ఇంట్లోకి వెళ్లి, నాయనమ్మ మాకోసం వండిన అన్నం గిన్నెతో సహా తెచ్చి వాళ్లకు ఇచ్చాడు. మేం ఆ మధ్యాహ్నం అటుకులు తిన్నాం. సాయంత్రం గట్టు మీద కూర్చోబెట్టుకుని ఒకే మాట అన్నాడు: "నువ్వు నీళ్లను చూశావురా, పడవను చూళ్లేదు."

కాలువలు ఎందుకు తవ్వారో కూడా ఆ గట్టు మీదే విన్నాను. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు తినేసింది. డొక్కలు ఎండి మనుషులు దారుల వెంట పడిపోయారు. ఈ ఒక్క ప్రాంతంలోనే లక్షకు పైగా చచ్చిపోయారు. పక్కనే కృష్ణ పారుతున్నా చేలకు నీళ్లెక్కే దారి లేదు. ఎక్కడన్నా గింజలున్నా తెచ్చే దారీ లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కు పూర్తయింది. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఆర్ పేరు మాత్రం మనవాళ్లు మరిచిపోయారు. అటు ఇంద్రకీలాద్రి, ఇటు సీతానగరం కొండ, మధ్యలో నది. రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేకుండా కొండలే ఒడ్డున నిలబడి ఉన్నాయి. ఆ ఆనకట్ట దాదాపు వందేళ్లు నిలిచి 1952లో తెగింది. తర్వాత 1954 నుంచి 57 వరకు ఇప్పటి బ్యారేజీ కట్టి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. తాతయ్య ఆ పనిలో కొన్నాళ్లు కూలికి వెళ్లి, ఆ పరిచయంతోనే లస్కరు పనిలో కుదురుకున్నాడట.

ఈ కాలువలు చేలకు నీళ్లిచ్చే కాలువలే కాదు, సరుకు మోసిన దారులు. రైళ్లు రాకముందు మన జిల్లాల వ్యాపారమంతా వాటి మీదే నడిచింది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు కలిసింది. అయినా పడవలు ఇంకో డెబ్భై ఏళ్లు బతికాయి. ఉప్పుకూ కట్టెలకూ తొందర ఉండదు కదా. చివరికి లారీ వచ్చాక చచ్చిపోయాయి. దుగ్గిరాల స్టేషన్లో బండి కూత వినపడినప్పుడల్లా తాతయ్య అటు తిరిగి ఒకసారి చూసేవాడు. కోపం లేదు ఆ చూపులో. రైలు మనిషి చేతుల్లో పని లేకుండా చేస్తుందని మాత్రం అనేవాడు.

ఇప్పుడు శ్రీకాకుళం ఆయన ప్రశ్న దగ్గరికి వస్తాను.

బెజవాడకు జనం రాక లోటు లేదు. దసరాకు లక్షల మంది వస్తారు. కొండ ఎక్కుతారు, దర్శనం చేసుకుంటారు, కొందరు భవానీ ద్వీపానికి పోతారు, కొందరు ఉండవల్లి గుహలు చూస్తారు, మిగతావాళ్లు సాయంత్రం బండి ఎక్కేస్తారు. వాళ్లు నడిచిన బ్యారేజీకి 2023లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడం అన్న గుర్తింపు వచ్చింది. విశాఖలో జరిగిన అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ సదస్సులో ఇచ్చారు. నాతో ఆ సాయంత్రం నిలబడ్డ ఏడెనిమిది మందిలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు.

పాత యంత్రం, పాత కాలువ, పాత ఫ్యాక్టరీ చూడటానికి జనం వస్తారా అని మా అబ్బాయే అడిగాడు. నేను విశాఖ గుర్తుచేశాను. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. వాడు చిన్నప్పుడు ఆ ఇరుకు దారిలో వంగి నడుస్తూ, సైనికులు పడుకునే అరలు చూసి నోరు తెరిచాడు. లోపల తిప్పి చూపించింది నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చెప్పబట్టే ఆ ఇనుప గొట్టానికి ప్రాణం వచ్చింది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట పనికి వాడిన యంత్రాలు ఆవరణలో కనపడతాయి. కేరళ సంగతి ఇంకా దగ్గరిది. అలెప్పీలో ఇప్పుడు వేలు పోసి ఎక్కే హౌస్‌బోట్లు ఏమిటి? ఒకప్పుడు బియ్యం బస్తాలు మోసిన కెట్టువళ్లాలే. మా లాకు దాటిన పడవల్లాంటివే. వాళ్లు ఆ పడవలకు కొత్త పని చూపించారు. మనం కట్టెలకు పగలగొట్టుకున్నాం. ఇది తలుచుకుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. బ్యారేజీ ఒక కొసన పాత ఫొటోలు, ఒక గేటు నమూనా, పిల్లలు చేత్తో తిప్పి చూసే ఒక కౌంటర్ వెయిట్. సీతానగరం వైపు నడుచుకుంటూ వెళ్లి కాలువ తలను చూడటానికి ఒక నీడ ఉన్న దారి. ఆ పక్కనే ఉండవల్లి ఉంది, ఒకే పూటలో రెండూ అయిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడో ఒక్క లాకు, ఒకే ఒక్క లాకు, పనిచేసే స్థితికి తెచ్చి పడవను ఎక్కించి దించి చూపించడం. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలన్నిటినీ 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. సరుకు పడవలు ఎప్పుడు వస్తాయో వాటి దారి వాటిది. చూడటానికి వచ్చే మనిషికి మద్రాసు దాకా అక్కర్లేదు, మైలు దూరం చాలు.

పడవ అనగానే నా గుండెల్లో ఒక బరువు కూడా ఉంటుంది. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో బెజవాడ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే తొందరపడమని నేను ఎప్పుడూ అనను. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు, లెక్కకు మించి ఒక్కరిని కూడా ఎక్కించకూడదు. ఒక రకంగా లాకు తొట్టి పడవ ఎక్కడానికి నదికన్నా నిదానమైన చోటు. నాలుగు వైపులా గోడ, చెయ్యి చాస్తే గట్టు.

గుంటూరు వైపు కూడా ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. పొగాకు కాల్చి ఆరబెట్టే గదులు, అవే బ్యారన్లు, వాటి సంగతి రాయడానికే ఇంకో పోస్టు కావాలి. పచ్చాకును కర్రలకు కట్టి, గదంత ఎత్తున వేలాడదీసి, అడుగున గొట్టాల్లో వేడి పంపి, రోజుల తరబడి నిద్ర మానేసి ఆకును బంగారు రంగుకు తెచ్చేవాళ్లు. ఆ వేడి ఎంత పెంచాలో, ఎప్పుడు ఆపాలో గోడకు చెయ్యి ఆనించి చెప్పగల మనుషులు మా బంధువుల్లోనే ఇద్దరు ఉండేవారు. ఇద్దరూ పోయారు.

నా భయమంతా అదే. రాయి ఎక్కడికీ పోదు. పోయేది మనుషులు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ రాత్రులు మేం కృష్ణలంక చుట్టాలకు ఫోన్లు చేస్తూ టీవీ ముందే కూర్చున్నాం. అప్పుడు రిపేరుకు ఎవరిని పిలిచారు? డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారిని. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ పెద్దాయన. అంతకు నెల ముందే తుంగభద్ర డ్యాములో కొట్టుకుపోయిన గేటు దగ్గర పారే నీళ్లలోనే అడ్డు దింపించింది కూడా ఆయనే. ఆయన బ్యారేజీ మీద నిలబడి చెయ్యి ఊపుతూ చెబుతుంటే టీవీలో చూసి నాకు కళ్లు చెమర్చాయి. అచ్చం మా తాతయ్య నిలబడే తీరు. కాళ్లు ఎడంగా, కళ్లు నీటి మీద.

పండగ మర్నాడు మనవడిని కారెక్కించుకుని లాకు దగ్గరికి వెళ్లాను. నేను వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. తలుపులు లేవు. పళ్ల కడ్డీ లేదు. లస్కరు ఇల్లు ఉన్నచోట తుమ్మచెట్లు. రాతి గోడలు మాత్రం నిన్న కట్టినట్టున్నాయి, సున్నం అతుకుల్లో ఒక్క రాయి కదల్లేదు. తొట్టి అంచు రాళ్ల మీద వేలు లోతున నున్నటి గాడులు ఉన్నాయి. మనవడు ఎవరు చెక్కారని అడిగాడు. ఎవరూ చెక్కలేదు. వందేళ్ల పాటు పడవల తాళ్లు ఒరుసుకుని పడ్డ గాడులు. కొబ్బరిపీచు తాడు నల్లరాయిని అంత లోతుగా తినేసిందంటే ఎన్ని వేల పడవలు ఎక్కి దిగాయో. వాడు బోర్లా పడుకుని ఒక్కో గాడిలో వేలు పెట్టి పదకొండు లెక్కపెట్టాడు. నీటి మట్టం చూసే గేజీ రాయి మీద అడుగుల అంకెలు కూడా చదివాడు, నాచు గోకి.

అక్కడ గేదెలు తోలుకుంటున్న ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. ఎవరి తాలూకు అని అడిగితే తాతయ్య పేరు చెప్పాను. ఆయన కర్ర కింద పెట్టేశాడు. తాతయ్య తర్వాత లస్కరుగా వచ్చిన కుర్రాడు ఆయనే. ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆఖరి పడవ ఎప్పుడు దాటిందో, అందులో ఏం ఉందో కూడా చెప్పాడు. ఇటుక, చాలా తక్కువ లోడు, పడవకు ఒకపక్క చెమ్మ. మీకు ఇదంతా ఎవరన్నా వచ్చి అడిగి రాసుకున్నారా బాబాయ్ అంటే, ఎవరొస్తారయ్యా అన్నాడు.

మనవడు లాకు ఎలా పనిచేస్తుందో చూపించమన్నాడు. ఆయన తలుపు ఉండాల్సిన చోట నిలబడ్డాడు. ఖాళీ గాలిలో రెండు చేతులూ చాపి హ్యాండిలు పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ తిప్పసాగాడు. మనవడూ పక్కన నిలబడి అలాగే తిప్పాడు. పది అనగానే ఆయన చేతులు ఆగిపోయాయి. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ తొట్టిలోకి చూస్తున్నాడు. మనవడు కాసేపు చూసి, "ఎందుకాగావు తాతా, అలిసిపోయావా?" అన్నాడు.

"పడవ సర్దుకోవాలి గదా అబ్బాయ్," అన్నాడు ఆయన, తొట్టి మీంచి కళ్లు తిప్పకుండానే.